హారతి దగ్గర చెప్పిన పేర్లు

లింగన్నను ట్యాంకులోంచి తీసింది మేమే. పొద్దున పది గంటలు. బహ్రెయిన్‌లో మామీర్ అనే ఊరి వెనక ఒక ఫ్యాక్టరీలో, అడుగున మడ్డి పేరుకున్న నూనె ట్యాంకు అది. మాతో పనిచేసే బాబు అనే కుర్రాడు ఊపిరి బిగబట్టి లోపలికి దిగి, అతని చంకల కింద తాడు వేశాడు. మేం పైకి లాగేసరికి లింగన్న కళ్లు తెరిచే ఉన్నాయి. బాబు గంటసేపు కక్కుకున్నాడు.

పదకొండు రోజులు లింగన్న సల్మానియా ఆసుపత్రి శవాల గదిలో ఉన్నాడు. పన్నెండో రోజు కంపెనీ రాసిచ్చిన కాగితాన్ని మా సూపర్‌వైజర్ శ్రీనివాసరాజు తెలుగులో చదివి వినిపించాడు. నిద్రలో గుండె ఆగి చనిపోయాడని అందులో ఉంది.

ఆ సాయంత్రం జగిత్యాల దగ్గరి మా ఊరి నుంచి లింగన్న భార్య భీమవ్వ ఫోన్ చేసింది. ఏడవలేదు.

"అన్నా, పొద్దుగాల పదింటికి డ్యూటీల ఉన్న మనిషి నిద్రెట్ల వోయిండే?"

నేను ఏడో తరగతి చదివాను. అప్పటికి పద్దెనిమిదేళ్లుగా బహ్రెయిన్‌లో హెల్పర్‌ను. శుక్రవారం మధ్యాహ్నం క్యాంపులో భజన నడిపేది నేనే. అబద్ధం పాపమని నా పిల్లలకు నేర్పినవాణ్ణి. ఆ పూట "నాకేం తెల్వది చెల్లే" అన్నాను. రెండు రోజులు అన్నం సహించలేదు.

'షిఫ్టు' అని ఒక వార్తల పేజీ ఉంది. ఆ దేశంలో ఉండలేక వెళ్లిపోయిన ఇద్దరు ముగ్గురు దాన్ని బయటి నుంచి నడుపుతారు. అరబ్బీలో, హిందీలో, తెలుగులో కూలీల సంగతులు రాస్తారు. బాబు తాను చూసింది చూసినట్టు వాళ్లకు చెప్పాడు. మా ఊళ్లోనే ఏడాది నిండని బిడ్డ ఉంది, పేరు వేయొద్దన్నాడు. వాళ్లు వేయలేదు. ట్యాంకులో గాలి మంచిదో కాదో చూసే మీటరు పెట్టకుండా మనిషిని దింపారని రాశారు. ఇంకా నాలుగు ట్యాంకులు కడగబోతున్నారని కూడా రాశారు. చివర ఇలా ఉంది: "మీటరు లేనిదే దిగమని చెప్పండి. ఒక్కరు చెప్తే విమానం ఎక్కిస్తారు. అందరూ చెప్పండి."

మూడో రోజు ఆ పేజీ తెరుచుకోలేదు. తెల్లటి తెర, దాని మీద ఈ పేజీని మూసేశామని అరబ్బీలో నాలుగు మాటలు. మూసిన పేజీలను దొడ్డిదారిన తెరిచే వీపీఎన్‌ను బాబు ఫోన్లో పెట్టాడు. వారం నడిచి అదీ ఆగిపోయింది. పేజీ ఫొటోలు తీసి ఒకరికొకరు పంపుకున్నాం. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు ఫోన్లు తెరిపించి చూడసాగారు. ఆ ఫొటోలు దొరికినందుకే ఇద్దరు బంగ్లాదేశీలను పంపేశారు. ఫొటోలు దొరికినా మాలో సగం మందికి చదవరాదు. తరువాత ట్యాంకు ఎవరి వంతో ఎవరికీ తెలియదు.

దారి చూపింది నా కూతురు కళ. డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. మా ఊళ్లో ఆ పేజీ ఇట్టే తెరుచుకుంటుంది.

"బాపూ, మీ భజన రికార్డు నాకు పంపు. మొదలు పాట, ఆఖరుకు పాట. నడుమల నేను పేజీ సదివి పెడ్త. గేటుకాడోళ్లు ఎంతసేపని భజన ఇంటరు?"

ఈ మాట వంటగదిలో పెట్టాను. పదిహేను మందిమి ఉన్నాం.

"దేవుని పాటల నడుమ కంపెనీ ముచ్చట్లా? తప్పు గాదా?" అని నేనే అడిగాను.

బాబు ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. తల ఎత్తలేదు. "తప్పయితే లింగన్నకు చెప్పు మల్లన్నా. నిద్రపోయిండు గదా, లేపి చెప్పు."

మా బస్సు డ్రైవర్ మహబూబ్ పాషాది కరీంనగర్. చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"నేను తుర్కోణ్ని, మీ భజన సంగతి నాకెర్క లేదు. ఒక్క మాటడుగుత. దేవుని ముంగట అబద్ధమాడితే తప్పు. నిజం చెప్తే ఏం తప్పు భాయ్?"

"ఇగ పాషా భాయే మన పూజారి" అన్నారెవరో.

"పులిహోర పెడ్తే రేపే వస్త."

దేవుణ్ణి గోడ చేసుకుని వెనక దాక్కోవచ్చా అని చాలాసేపు ఆలోచించాను. మనం దాస్తున్నది దొంగసొత్తయితే కూడదు. తోటివాడి చావును దాస్తున్నది వాళ్లు. మేం దాన్ని బయటికి తెస్తున్నాం. ఒప్పుకున్నాను.

ఆ శుక్రవారం నుంచి మొదలైంది. ఎనిమిది నిమిషాలు మా పాట. డోలక్ ఆగగానే కళ గొంతు. నేపాలీల కోసం హిందీలో కూడా చదివేది. బడి పుస్తకం అప్పజెప్పినట్టుండే ఆ హిందీ విని వాళ్లు నవ్వుకునేవాళ్లు, కానీ ఒక్క మాట వదలకుండా వినేవాళ్లు. పాషా పొద్దున మా కంపెనీదే అయిన అరాద్ క్యాంపు వాళ్లను ఎక్కించుకుని బస్సు స్పీకర్లో పెట్టేవాడు. గేటు దగ్గర సెక్యూరిటీ వాడు నిమిషం విని "యల్లా, యల్లా" అని, ఇక పొమ్మన్నట్టు చెయ్యి ఊపేవాడు.

మూడో వారం అరాద్ క్యాంపు వాళ్లు పదకొండు మంది ట్యాంకు ముందు కూర్చున్నారు. మీటరు వచ్చేదాకా లేవలేదు. మధ్యాహ్నానికి మీటరు వచ్చింది. లోపల గాలి చెడ్డదని మీటరు చెప్పింది. ఆ రోజు ఎవరూ దిగలేదు. పదకొండు మంది బతికారు.

శ్రీనివాసరాజు సంగతి ఇప్పుడు చెప్పాలి. ఆయన భీమవరం వైపు మనిషి. భజనకు గది ఇప్పించిందీ, హార్మోనియం వాయించిందీ ఆయనే. లింగన్న సామాన్ సర్దిన రోజు చొక్కాలు ఒక్కొక్కటీ మడతపెడుతూ కళ్లు తుడుచుకున్నాడు. మనవాడు అనుకున్నాం.

ఒక శుక్రవారం ఆయన భజనకు రాలేదు. మర్నాడు నా దగ్గరికొచ్చాడు.

"మల్లేషూ, నిన్న మిస్సయిపోయానయ్యా. రికార్డు చేశారంట కదా. మా అమ్మకి మోకాళ్లు కదలవు, గుడికెళ్లలేదు. పంపావంటే రోజూ పెట్టుకు వింటది."

"అట్లనే సార్."

నేను జాగ్రత్తపడ్డాననే అనుకున్నాను. కళ చదివింది పంపలేదు. గదిలో తీసిన అసలు రికార్డు పంపాను. పాటలన్నీ వినిచూశాను, వార్త ఒక్క ముక్క లేదు. హారతి దగ్గరికి రాగానే వినడం ఆపేశాను.

మా ఊరి భజనలో ఒక అలవాటుంది. హారతి అయ్యాక, నడిపించేవాడు ఒక్కొక్కరి పేరూ కోరికా దేవుడికి విన్నవించాలి. పేరు ఒక్కటే చెప్తే చాలదు, ఏ కోరికతో వచ్చాడో కూడా చెప్పాలి. కళ తన రికార్డులో ఆ భాగాన్ని ఎప్పుడూ కోసేసేది. ఎందుకని నేను అడగలేదు. ఆ శుక్రవారం నేను చెప్పింది ఇది: "లింగన్న కోసం నిజం చెప్పిన బాబు. వానికీ, వాని బిడ్డకూ ఆయుష్షియ్యి తండ్రీ."

అది నాకు గుట్టు విప్పే మాటగా తోచలేదు. ప్రార్థనగానే తోచింది.

సోమవారం పొద్దున బస్సు ఎక్కుతుంటే మామూలు బట్టల్లో ఇద్దరు పోలీసులు వచ్చి బాబును పేరుపెట్టి పిలిచారు. ఫోన్ లాక్కున్నారు. కారు ఎక్కించారు. బాబు టిఫిన్ డబ్బా సీటు మీదే ఉండిపోయింది. శ్రీనివాసరాజు గేటు పక్కన నిలబడ్డాడు. దగ్గరికి వెళ్లాను.

"మీ అమ్మ విన్నదా సార్?"

నా ముఖం చూడలేదు. "నువ్వు చెప్పిందే కదయ్యా. నేనేం కల్పించలేదు."

నిజమే, ఆయన కల్పించలేదు. నా ప్రార్థనను తీసుకెళ్లి ఆఫీసులో ఇచ్చాడు. ఆ నోటితోనే మాతో కలిసి పాడాడు. మనిషి దేవుడి ముందు కూర్చుని కూడా కంపెనీ మనిషిగానే ఉండగలడని నాకు అంతకుముందు తెలియదు.

సాయంత్రం అందరి ముందూ ఒప్పుకున్నాను. బాబును పట్టిచ్చింది నా నోరే అన్నాను.

"నీ భక్తి పాడుగాను" అన్నాడు బాబు పక్క మంచం వాడు. "వాని బిడ్డ మొఖం ఎట్ల సూస్తవు?"

"ఇంక పటం ముంగట పేర్లు చెప్పకు" అన్నాడు ఇంకొకడు. "భజనే బందు పెట్టు."

తిట్లన్నీ పడ్డాను. చివరికి పాషా అడ్డుపడ్డాడు.

"అరె ఆగుండ్రి. పేర్లు చెప్పుడు తప్పు గాదు. ఒక్క పేరు దొరికింది గాబట్టి ఒక్కణ్ని కార్ల ఎక్కించిన్రు. నలభై పేర్లుంటే దేంట్ల ఎక్కిస్తరు? నా బస్సే గావాలె. నేను నడప."

బుధవారం మా వంతు వచ్చింది. నలభై మూడు మందిని ట్యాంకు ముందు నిలబెట్టారు. మీటరు లేదు. శ్రీనివాసరాజు చేతిలో కాగితం ఉంది. లింగన్నది సొంత జబ్బు, పేజీ రాసింది అబద్ధం, బాబు కల్పించాడు అని అందులో ఉంది.

"సంతకాలు పెట్టి దిగండి. పెట్టినోళ్లకేం ఇబ్బంది లేదు. ఇంకెవరెవరు ఆ పేజీకి చెప్పారో నాకు పేర్లు కావాలి."

ఎండ నెత్తిన కాలుతోంది. నాకూ ఇల్లుంది, చదువుకునే కూతురుంది. అయినా ఒక్కడుగు ముందుకు వేసి, హారతి దగ్గర చెప్పినట్టే చెప్పాను.

"పేరు మల్లేష్. కోరిక, మీటరు లేంది ట్యాంకుల దిగ. బాబును ఇడువాలె."

ఆయన రాసుకోబోయాడు. ఈలోగా నన్ను తిట్టిన పక్క మంచం వాడు నా పక్కకొచ్చాడు. పేరు చెప్పాడు. అదే కోరిక చెప్పాడు. తరువాత ఇంకొకడు. ఆయన కలం ఆగిపోయింది. నేపాలీలు వాళ్ల భాషలో చెప్పారు. ఒకరి పేరు పూర్తికాకముందే ఇంకొకరు అందుకున్నారు. పాషా బస్సు దిగి, ఫోన్లో రికార్డు నడుస్తుండగానే వచ్చి వరసలో నిలబడ్డాడు.

"పేరు మహబూబ్ పాషా. కోరిక అదే. పులిహోర సంగతి మల్లెప్పుడన్న చూస్కుందం."

"మీరంతా నన్ను నమ్మండయ్యా" అన్నాడు శ్రీనివాసరాజు.

"నమ్మినం గదా సార్" అన్నాను.

పోలీసు బండ్లు వచ్చేసరికి పాషాదితో కలిపి నలభై నాలుగు పేర్లూ అయిపోయాయి. రికార్డు కళకు చేరింది. ఆ రోజు ట్యాంకులో ఎవరూ దిగలేదు.

పదిహేడు మందిని పంపేశారు, నేనూ అందులో ఉన్నాను. పాషా దగ్గర బస్సు తాళాలు లాక్కున్నారు. బాబు ఇంకా లోపలే ఉన్నాడు. వాడి బిడ్డ ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తోంది. రోజూ వెళ్లి చూస్తాను. వాడి భార్య నాతో మాట్లాడదు. మాట్లాడమని అడిగే ముఖం నాకు లేదు.

మొన్న శుక్రవారం అరాద్ క్యాంపు నుంచి ఒక రికార్డు వచ్చింది. నేను వచ్చేసినా భజన ఆగలేదన్నమాట. కళ పెట్టింది. డోలక్ లేదు, పాట లేదు. మొదటి నిమిషం నుంచే పేర్లు. నూట అరవై దాకా లెక్కపెట్టి వదిలేశాను. నాకు తెలియని భాషలు, అదే కోరిక.

భీమవ్వ మా గడపలో కూర్చుని చివరిదాకా విన్నది. తరువాత కళ చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"ఇదెట్ల ఒత్తాలె బిడ్డా?"

కళ చూపించింది. భీమవ్వ కొంగు సర్దుకుని, ఎదురుగా మనుషులున్నట్టు నిటారుగా కూర్చుంది.

"పేరు భీమవ్వ. లింగన్న పెండ్లాన్ని. నా పెనిమిటి నిద్రల పోలేదు. పొద్దుగాల పదింటికి, పనిల పోయిండు. గట్లనే రాయాలె."