సేవ్ చేయని జవాబులు

"నేను జుట్టు కత్తిరించుకుని వచ్చేలోపు ఆ కంప్యూటర్ ఆన్ చేసి ఉంచు. నా నివేదిక ఎక్కడ మాయమైందో అదే చెబుతుంది," అన్నారు మా ఆయన, చెప్పుల్లో కాళ్ళు దూరుస్తూ.

"అదెలా చెబుతుందండీ?"

"ఆఫీసులో చెప్పారోయ్. ఈ కొత్త కంప్యూటర్లు తెరమీద ఏం కనపడ్డా క్షణక్షణానికీ ఫొటో తీసి దాచుకుంటాయట. ఒక్క మాట కొట్టి వెతికితే ఆర్నెల్ల కిందటిది కూడా బయటపడుతుంది. అమ్మా, నేనొచ్చాక నువ్వూ రా. నీ కోడలు రోజంతా ఇంట్లో కూచుని ఏం చేస్తుందో సినిమా చూపిస్తాను!"

"టిక్కెట్టు కొనక్కర్లేదు కదరా?" అన్నారు అత్తయ్య సోఫాలోంచి. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను, పళ్ళతో మాత్రమే. ఆయన వెనక తలుపు పడగానే కంప్యూటర్ దగ్గరికి పరిగెత్తాను.

ఎందుకో చెబుతాను. నేను ఇంట్లోంచే ఇస్త్రీపెట్టెలకీ, వాషింగ్ మెషీన్లకీ సూచనల పుస్తకాలు రాస్తాను. పెట్టె విప్పగానే మీరు పక్కన పడేస్తారే, అవే. 'వాడే ముందు శ్రద్ధగా చదవండి' అని లోకాన్ని బతిమాలుకునేది నేనే. భోజనాల బల్లకి ఒక చివర కూరలు తరుగుతాను, రెండో చివర మాటలు తరుగుతాను. పని మధ్యలో ఎవరేమన్నా పైకి జవాబు చెప్పను. నోరు నొక్కుకుని కీలు నొక్కుతాను. ఖాళీ పేజీ తెరిచి, అనాలనుకున్నదంతా టైపు చేసి, ఒక్కసారి చదువుకుని మూసేస్తాను. 'సేవ్ చేయాలా?' అని కంప్యూటర్ మర్యాదగా అడుగుతుంది. 'వద్దు' అంటాను. ఈ ఇంట్లో ఏదైనా చేసేముందు నన్నడిగేది అదొక్కటే. పెళ్ళయిన పదహారేళ్ళలో సేవ బోలెడు చేశాను గానీ సేవ్ చేసుకున్నది ఏమీ లేదని నిశ్చింతగా ఉన్నాను.

నేను వద్దంటున్నా అది చాటుగా ఫొటోలు తీస్తూనే ఉందన్నమాట! దాన్ని అనడానికీ లేదు. కొన్న రోజునే 'మీ తెరను గుర్తుంచుకోమంటారా?' అని అడిగింది. ఆయన చదవకుండానే 'సరే' నొక్కారు. నేను తప్ప ఎవరడిగినా సరే అనే మనిషి.

ఆయన వెళ్ళింది క్షవరానికి. తిరిగొచ్చేలోపు ఇక్కడ నాకు క్షవరం కాకుండా చూసుకోవాలి. మహా అయితే ముప్పావుగంట. సెట్టింగుల్లో తవ్వుకుంటూ పోతే దొరికింది, తెర చరిత్ర. కింద ఎర్రటి అక్షరాల్లో 'అన్నీ తొలగించు'. వేలు దానిమీద పెట్టాను. పెట్టి ఆగాను. ఇంతకీ ఏం రాసి చచ్చానో ఒక్కసారి చూద్దామనిపించింది. నా జవాబులు కూడా నా పుస్తకాల బాణీలోనే ఉంటాయి కాబట్టి 'హెచ్చరిక' అని కొట్టాను. తెరనిండా బొమ్మలు, చీమలబారులా.

ఆయన, "ఇంట్లోనే ఉంటావుగా, బ్యాంకూ, కుళాయి రిపేరూ, అమ్మ మందులూ కూడా చూసెయ్," అన్న మధ్యాహ్నం: 'హెచ్చరిక: ఈ యంత్రమును ఏకకాలమున నాలుగు పనులకు వాడరాదు. వాడినచో ఆవిరి వచ్చును. ఆవిరిని చూసి దీనికి కోపమెక్కువ అనరాదు.'

అత్తయ్య, "చేతికి తడి తగలనిది కూడా ఒక పనేనా అమ్మాయ్," అన్న రోజు: 'హెచ్చరిక: శుభ్రపరచుటకు ముందు విద్యుత్తును, పిదప అత్తగారిని ఆపివేయవలెను.'

ఇక పోయిన నెల. ఆయన నివేదిక మూడు రోజులు కూచుని రాసింది నేను. ఆఫీసులో చప్పట్లు కొట్టించుకుని వచ్చింది ఆయన. ఆ సాయంత్రమే ఫోన్లో ఎవరితోనో, "మా ఆవిడదా? ఏదో కాలక్షేపంలే," అన్నారు. అప్పుడు రాసింది: 'హెచ్చరిక: చప్పట్లు ఈ పెట్టెలో రావు. విడిగా ఇవ్వవలెను.'

పకపకా నవ్వేశాను. "ఏమిటమ్మాయ్, ఒక్కదానివే?" అన్నారు అత్తయ్య. నవ్వుతూనే ఉన్నాను గానీ కళ్ళు తడిశాయి. ఇంత చక్కగా మాట్లాడే ఆడది ఈ ఇంట్లో ఉంటోందని నాకే తెలియలేదు. ఇందాకటిదాకా ఇవన్నీ బయటపడతాయని భయపడ్డాను. ఇన్నాళ్ళూ ఒక్కటైనా బయటపడలేదేమని ఇప్పుడు బెంగ పట్టుకుంది.

పోనీ చూపిస్తేనో? సాక్ష్యాలన్నీ తెరమీద పరిచేస్తేనో? ఊహూ. వాళ్ళు కూచుని చూస్తారు, నేను పక్కన నిలబడి అప్పజెబుతాను. నా రోజుకి నేను సంజాయిషీ ఇచ్చుకోవడమేమిటి? అయినా చల్లారిన జవాబు ఎవరికి రుచి?

నొక్కాను. 'తొలగించినవి తిరిగి రావు. కొనసాగించాలా?' అంది. తల్లీ, అంతకంటేనా! డిలీట్‌తో నా తీట తీరింది. ఇకపై ఫొటోలు తీయకుండా ఆ మీట కూడా కట్టేశాను. పదహారేళ్ళుగా బిగించి వేసుకున్న జడ విప్పుకున్నంత హాయిగా ఉంది తలకి. ఆ హాయిలోనే ఆయన నివేదిక కోసం చూశాను.

ఆయన మెడమీద పౌడరుతో తిరిగొచ్చారు. "దొరికిందా?"

"ఆ. 'నివేదికలు' అని పేరు రాసున్న ఫోల్డర్లో దాక్కుంది."

"ఓహో. మరి సినిమా?"

"ఎత్తేశారు. తెర చరిత్ర మొత్తం తుడిచేశాను."

"అదేమిటోయ్! రోజంతా ఏం చేస్తావో చూద్దామనుకుంటే..."

అలవాటు చొప్పున నా వేళ్ళు కీబోర్డు మీదికి వెళ్ళాయి. ఖాళీ పేజీ తెరుచుకుంది కూడా. చేతులు వెనక్కి తీసుకుని ఆయన వైపు తిరిగాను.

"చూడ్డానికి ఫొటోలెందుకండీ? రేపు సెలవు పెట్టి ఈ కుర్చీలో కూచోండి. ఎలాగూ ఇంట్లోనే ఉంటారుగా, బ్యాంకూ, కుళాయీ, అత్తయ్య మందులూ కూడా చూసెయ్యండి. ఇంకో మాట. ఈసారి నుంచి మీ నివేదిక మీరే రాసుకోండి. నేను రాయను."

ఆయన మెడమీద పౌడరు తుడుచుకున్నారు. అంతలో సోఫాలోంచి కిసుక్కున నవ్వు.

"టిక్కెట్టు లేకపోయినా బాగుందిరా సినిమా!" అన్నారు అత్తయ్య.

తెరమీద ఖాళీ పేజీ అలాగే ఉంది. మూసేశాను. అందులో ఒక్క అక్షరమూ లేదు కదా, సేవ్ చేయాలా అని అది నన్ను అడగలేదు.