లేని దవాఖాన

భూమక్క ఎల్లారెడ్డిలో బస్సెక్కి కామారెడ్డి కాలేజీదాకా వచ్చింది మంచిచెడ్డలు మాట్లాడటానికి కాదు, కడిగి పారేయడానికి. స్టాఫ్ రూమ్‌లోకి దూసుకొచ్చి ముబష్షిరా మేడం ముందు ఫోన్ పెట్టింది.

"మా గుండ్లవాగుల దవాఖాన ఉన్నదట. ఏడున్నదో చూపియ్యుండ్రి మేడం. నా కోడలుకు నెలలు నిండినయి, గాడికే తోల్కపోత."

తెలుగు వికీపీడియా వ్యాసం అది. 'గ్రామంలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంది' అని రాసినవాడు ముబష్షిరా విద్యార్థి జీవన్. పైగా ఆ ఊరివాడే. మహిళా సంఘం నడిపే భూమక్క దవాఖాన కోసం ఏళ్లుగా దరఖాస్తులు పెడుతోంది. ఈసారి ఆఫీసులో పెద్దసారు ఫోన్‌లో ఈ వ్యాసం చూసి, ఉన్నదాన్ని మళ్లీ ఎందుకు అడుగుతావమ్మా అని కాగితం తిరిగిచ్చాడట.

ముబష్షిరాకు ఒళ్లు మండింది. జీవన్‌ను పిలిపించింది.

"పక్కూరి వ్యాసం తీసి పేరు మార్చిన మేడం. అందరం గట్లనే చేసినం. పంద్రాగస్టు లోపల ఊరూరికీ వ్యాసం పడాలని ప్రిన్సిపల్ సార్ అన్నరు గదా."

"నువ్వు పుట్టిన ఊరు కదరా! దవాఖాన లేదని నీకు తెల్వదా?"

తెలిసింది రాయండి, ఆధారం చూపించండి అని ఆమె మొదటినుంచీ గొంతు పోయేలా చెబుతూనే ఉంది. ప్రిన్సిపల్‌కు కావలసింది జెండా పండగనాడు మైకులో చదవడానికి ఒక పెద్ద అంకె. పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటే ఇదే.

జీవన్ ఆ వాక్యం తీసేశాడు.

"తీసేస్తే అయితదా? లేదని రాయి," అంది భూమక్క.

రాశాడు. గంట తిరక్కుండానే వికీ నిర్వాహకుడెవరో దాన్ని తొలగించి, మూలం ఏదని మర్యాదగా అడిగాడు. ఎక్కడైనా అచ్చయి ఉండాలట.

భూమక్క గొంతు లేచింది. "ఉన్నదని రాస్తే ఎవ్వలూ అడగలే. లేదంటే సాక్ష్యం కావాల్నా? నా దరఖాస్తులు సాక్ష్యం కావా?"

కావు. నియమం మంచిదే, ముబష్షిరా స్వయంగా నేర్పిందే. అయినా ఇవాళ దాన్ని చూస్తే తల గోడకేసి బాదుకోవాలనిపించింది.

"పేపర్ల రావాలె అక్కా," అంది.

"అయితే రోడ్డు మీద కూసుంటం," అని భూమక్క కొంగు బిగించింది.

మర్నాడు ఎల్లారెడ్డి బస్టాండు ముందు సంఘం ఆడవాళ్లు బైఠాయించారు. భూమక్క కోడల్ని కూడా తెస్తానంటే ముబష్షిరా వద్దని చెప్పి, ఆ చోట తాను కూర్చుంది. పక్కన జీవన్. ప్రిన్సిపల్ ఫోన్ మీద ఫోన్ చేస్తున్నా ఎత్తలేదు. విలేఖరి పేరు అడిగితే ఉద్యోగంతో సహా చెప్పింది.

తెల్లారి జిల్లా పేజీలో వార్త పడింది. జీవన్ దాన్ని మూలంగా చూపించి వాక్యం మళ్లీ రాశాడు. ఈసారి ఎవరూ తీయలేదు. భూమక్కకు ఫోన్ చేసి చదివి వినిపించాడు: 'గ్రామంలో ఆరోగ్య కేంద్రం లేదు.'

భూమక్క మళ్లీ ఒకసారి చదివించుకుంది.

"లేదని రాయనీకే గింత కొట్లాట అయితే, తెచ్చుకోనీకి ఇంకెంత కావాల్నో మీ మేడంను అడుగు బిడ్డా."