లామినేషన్ చేసిన పట్టా

నేను ఒక బి.ఇడి. పట్టాను. ముట్టుకుందామని వేలు చాపకండి, మీకు తగిలేది నేను కాదు, నా మీది ప్లాస్టిక్కు. ఆ ప్లాస్టిక్కే నా గోడు.

విశ్వవిద్యాలయం అచ్చు యంత్రంలోంచి వెచ్చవెచ్చగా బయటికొచ్చినప్పుడు నేను మంచి దళసరి కాగితాన్ని. నా అడుగున సంతకం ఉన్న పెద్దమనిషి నన్ను చూసిన పాపాన పోలేదు. ఆ సంతకం కూడా యంత్రమే పెట్టింది. నడుమ మాత్రం ముద్దుగా 'కోరాడ పైడిరత్నం' అని పేరు పడింది. ఆవిడ పార్వతీపురం దగ్గర కొండమీది బడిలో టీచరు. నన్ను చేతిలోకి తీసుకోగానే వాసన చూసింది.

ఆ ముచ్చట ఒక్క పూటే. ఆవిడ భర్త పోలినాయుడికి బస్టాండు ఎదురుగా జిరాక్సు షాపుంది. మర్నాడు ఆవిడ బడికి వెళ్ళగానే నన్ను షాపుకి పట్టుకెళ్ళి, ఉన్నవాటిలోకెల్లా మందపాటి కవరులో పెట్టి, కాలే రోలర్ల మధ్యకి తోశాడు. ఊపిరాడక గిలగిల్లాడాను. సాయంత్రం నన్ను భార్య చేతిలో పెట్టి తెగ మురిసిపోయాడు. ఆవిడా మురిసింది. ఇక్కడ ఇష్టమైన కాగితం ఏదున్నా ఇదే మర్యాద.

రత్నం బడిలో పిల్లలు సవరలు. ఇంట్లో మాట్లాడేది సవర, పుస్తకంలో ఉండేది తెలుగు. ఒకటో తరగతి పిల్లలు నోరు విప్పకుండా కూర్చుంటే, తనిఖీకి వచ్చినాయన 'బాగా వెనకబడ్డారు' అని రాసుకుని, టీ తాగి వెళ్ళిపోయాడు. ఆవేళ రత్నం ఇంటికొచ్చి భర్త ముందు మండిపడింది.

"ఆళ్ళేటి మొద్దులా? పుస్తకం మాట ఆళ్ళకి రాదు, ఆళ్ళ మాట పుస్తకానికి రాదు. ఇలాటి పిల్లలకి వేరే దేశాల్లో ఎలా సెప్తన్నారో నేను ఎల్లి సూసి రావాల."

దానికోసమే ఒక చదువుందని కనిపెట్టింది. అంతర్జాతీయ, తులనాత్మక విద్యలో ఎమ్మే. దేశదేశాల బడులను పక్కపక్కన పెట్టి చూసే చదువు. విదేశంలో, ఉపకార వేతనంతో సహా. అయితే వాళ్ళు అడిగినవి చూస్తే, చదువు చెప్పేవాళ్ళో మగపెళ్ళివారో నాకు అర్థం కాలేదు. ఇంగ్లీషు పరీక్ష కావాలన్నారు, రాసింది. బోధన అనుభవం కావాలన్నారు, ఉంది. ఎందుకు చదవాలనుకుంటున్నావో వ్యాసం రాయమన్నారు, చింపి చింపి రాసింది. సిఫారసు ఉత్తరం అడిగితే హెడ్మాస్టరు, "నువ్వే రాసీసుకో అమ్మా, సంతకం పెట్టీస్తాను" అన్నాడు. అదీ అయింది.

మిగిలింది నేను. పట్టా నిజమైనదేనని నా వెనకవైపు ప్రభుత్వ ముద్ర పడాలి. మొగుడూ పెళ్ళాం నన్ను ఒళ్ళో పెట్టుకుని రాజధానికి వెళ్ళారు.

"లామినేషన్ చేసినవి తీసుకోమమ్మా," అన్నాడు కౌంటరులో గుమస్తా.

"ఒక్కసారి వేసి చూడండి సార్," అని బతిమాలింది రత్నం.

ఆయన ముద్ర కొట్టి, బొటనవేలితో తుడిచాడు. నా వీపు మళ్ళీ అద్దంలా అయిపోయింది.

లాడ్జిలో ఇస్త్రీపెట్టె అడిగి తెచ్చి, పోలినాయుడు నా అంచు వేడి చేసి లాగాడు. ప్లాస్టిక్కుతో పాటు రత్నం పేరులో మొదటి అక్షరం కూడా ఊడొచ్చింది.

"ఆపీ!" అని అరిచింది. "నన్నొక్క మాట అడగలేదేటి నువ్వు?"

"పదికాలాలు ఉంటాదనీసి సేసినాను, రత్నం."

"దాసుకోడానికేటి నేను సదివినాను?"

అతను ఇస్త్రీపెట్టె తీగ పీకేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది, కానీ ఎవర్ని తిట్టను? ఒకడు ప్రేమతో చేశాడు, ఒకడు రూలు ప్రకారం చేశాడు.

నకలు పట్టా కోసం నేను పుట్టిన విశ్వవిద్యాలయానికే వెళ్ళారు. "పోయిందని పోలీసు కాగితం తెండి, తొందరగా అయిపోతుంది," అన్నారక్కడ.

"పోలేదు కదండీ, ఇదిగో ఉంది!"

"ఉండటమే చిక్కమ్మా."

రత్నం అబద్ధం ఆడనంది. దాంతో ఫైలు ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదకి దొర్లుతూనే ఉంది, ఈలోపు గడువు కాస్తా దాటిపోయింది. ఆవిడ మళ్ళీ ఆ పిల్లల ముందే, అదే పుస్తకం పట్టుకుని నిలబడింది. ఆ ఏడాది భర్తతో సరిగ్గా మాట్లాడలేదు.

చివరికి నకలు వచ్చింది. రద్దయిన నన్ను అక్కడివాళ్ళు మూల కత్తిరించి పారేయబోతుంటే, పోలినాయుడు దణ్ణం పెట్టి అడిగి తెచ్చుకున్నాడు. రత్నం అన్నీ మొదటినుంచీ మొదలుపెట్టింది. హెడ్మాస్టరు మళ్ళీ "నువ్వే రాసీసుకో" అన్నాడు. ఈసారి నకలు వెనక ముద్రా పడింది, సీటూ వచ్చింది. నకలును మామూలు ఫైల్లో పెట్టుకుని వెళ్ళింది.

నేనిప్పుడు షాపులో, లామినేషన్ మిషను పైన గోడకున్నాను. ఎవరైనా కొత్త పట్టా తెస్తే పోలినాయుడు నన్ను చూపించి, "నాను సెయ్యను బాబూ. ఇదిగో, ఇది ఎక్కడికీ ఎల్లనేకపోయింది," అని పంపేస్తాడు.

మొన్న రత్నం ఫోను చేసింది. అక్కడొక బడిలో పిల్లలకి వాళ్ళ ఇంటి మాటలోనే అక్షరాలు నేర్పుతున్నారట, రోజంతా వెనక బల్ల మీద కూర్చుని చూసిందట. ఆ సందడిలో ఫైల్లోని నకలు మీద కాఫీ ఒలికిందని, మడతలు కూడా పడ్డాయని నవ్వుతూ చెప్పింది. పోలినాయుడు గాభరాపడిపోయాడు.

నేను గోడమీంచి అంతా విన్నాను. నా మీద ఈ రోజుకీ ఒక్క మరక లేదు.