వెనక ఎడమ తలుపు

సింధూర అన్నిటికన్నా ఎక్కువగా భయపడేది ఒక్కదానికే. నడుస్తున్న కారులో వెనక ఎడమ తలుపు దానంతటదే తెరుచుకుంటుంది, కూతురు అమ్ములు రోడ్డు మీదికి జారిపోతుంది. అంతే. పాములకి భయపడదు, తుపానుకి భయపడదు, అత్త నోటికి కూడా ఈమధ్య భయపడటం మానేసింది. ఈ ఒక్క భయం మాత్రం, ఆమె పొద్దున్నే బకెట్టూ గుడ్డా పట్టుకుని కారు దగ్గరికి వెళ్లేసరికి అక్కడ ముందే వచ్చి కూర్చుని ఉంటుంది.

కారు కడగడం ఆమె పని. ఆ పని ఆమెకి ఎవరూ అప్పజెప్పలేదు. అంట్ల గిన్నెలు మాత్రం ఎవరు అప్పజెప్పారు గనక? మొగుడు దిలీప్ గుజరాత్ వేరావల్‌లో చేపల బోట్ల మీద పని మానేసి వచ్చాక ఈ కారు కొన్నారు. వజ్రపుకొత్తూరు చుట్టుపక్కల ఊళ్ల నుంచి కిడ్నీ రోగుల్ని పలాస ఆసుపత్రికి డయాలసిస్‌కి తీసుకెళ్లి మళ్లీ ఇళ్ల దగ్గర దింపుతాడు. వారంలో మూడు రోజులు అతని తండ్రి రామూర్తి కూడా అదే కారులో వెళ్లి వస్తాడు. తిరుగు ప్రయాణంలో మనుషులు పిండేసిన గుడ్డల్లా ఉంటారు. ఒకరు వాంతి చేసుకుంటారు. ఒకరి చేతి కట్టు లోంచి నెత్తురు కారి సీటు మీద పడుతుంది. అదంతా తెల్లారేసరికి పోవాలి, వాసన కూడా రాకూడదు. “నానొక్కణ్ని పొద్దస్తమానం తోలుతున్నాను” అని రోజుకోసారి అంటాడు దిలీప్, కాళ్లు చాపుకుని. అతను చేసేదాన్ని డ్యూటీ అంటారు. మోకాళ్ల మీద కూర్చుని, సీటు కుట్ల సందుల్లోకి పుల్ల పెట్టి ఆమె చేసేదానికి ఆ ఇంట్లో పేరే లేదు.

తలుపు సంగతి ఆమెకి ముందుగా తెలిసింది అందుకే. రోజూ కడిగే చేతికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది! మిగతా మూడు తలుపులూ మూస్తే దబ్బుమని ఒక్క మాట చెప్పి ఊరుకుంటాయి. ఎడమది మాత్రం టక్కుమంటుంది, కాసేపు ఆలోచించుకున్నట్టు ఆగి, మళ్లీ టక్కుమంటుంది. ఆ రెండు టక్కుల మధ్య సందులో సింధూర గుండె ఇరుక్కుపోయేది. చెబితే దిలీప్ నవ్వాడు. “నీకు సెట్టాకు కదిలినా బయమే. మన గుంట అమ్ముల్ని కూడా నీలాగే తయారు సేత్తన్నావు.”

ఇంతకీ ఆ కారు ఆమెది. కాగితాల మీద. డ్వాక్రా సంఘంలో ఆమె పేరున అప్పు పుట్టింది కాబట్టి కారు కూడా ఆమె పేరున రాయించారు. టెక్కలి షోరూములో నిలువెత్తు అట్ట తాళంచెవి చేతికిచ్చి ఫోటో తీసినప్పుడు దాన్ని దిలీప్ పట్టుకున్నాడు, ఆమె కొబ్బరికాయల సంచి పట్టుకుంది. ఫోన్ నంబరు అడిగితే అతను తనదే చెప్పాడు. “దానికెందుకండీ ఫోనులు, మోగినా ఎత్తదు.” అక్కడున్న వాళ్లు నవ్వారు. తనూ నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు ఆమెకి ఒళ్లు మండుతుంది.

అందుకే కారు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చిన రోజు పోస్టుమాన్ గుమ్మంలో నిలబడి పూర్తి పేరు చదువుతుంటే, ఎవరినో పిలుస్తున్నాడనుకుంది. ఇంటరు హాల్‌టికెట్టు తర్వాత తన పేరు అచ్చులో చూడటం అదే మొదలు. ఆ పరీక్షకి ఆమె వెళ్లలేదు, పెళ్లి ముహూర్తం అదే వారంలో పడింది. కవరు చింపి, పొయ్యి మీద చారు మరుగుతుండగా, ఇంగ్లీషు మాటల్ని ఒక్కొక్కటే వేలితో పట్టుకుని చదివింది. ఫలానా నెలలో తయారైన బళ్లలో వెనక ఎడమ తలుపు గొళ్లెంలో లోపం ఉంది. ప్రయాణంలో తెరుచుకోవచ్చు. వెంటనే తీసుకురండి, ఉచితంగా మారుస్తాం. చారు పొంగి పొయ్యి ఆరిపోయింది. ఆమెకి భయం పోయి, దాని చోట ఇంకేదో వచ్చింది. అయితే నాది పిచ్చి కాదన్నమాట, అనుకుంది.

“ఇంటరు తప్పినోళ్లకి ఇంగిలీసు కూడానా?” అంది అత్త చిన్నతల్లి, ఎండు చేపలు తిరగేస్తూ.

“తప్పనేదత్తా. మీరు రాయనివ్వనేదు.”

“అలాటి ఉత్తరాలు సేనా ఒత్తాయే” అన్నాడు దిలీప్. “బీమావోళ్లు రాత్తారు, సిమ్ములోళ్లు రాత్తారు. బండి అట్టుకెల్లి షోరూముల ఎట్టీసి కూకుంటే రోగులు దేని మీదెల్తారు?”

అయినా ఆ సాయంత్రం అతను తలుపు పని చూశాడు. తనకి తెలిసిన పద్ధతిలో చూశాడు. వల తాడు తెచ్చి, తలుపు లోపలి పిడికి చుట్టి, ముందు సీటు కడ్డీకి లాగి ముడి వేశాడు. ఇక ఎక్కడమైనా దిగడమైనా కుడి తలుపు నుంచే. “ఇది మా తాత ముడి. తితిలీ తుపానుకి ఒడ్డునున్న పడవలన్నీ కొట్టుకుపోనాయి, మా పడవ ఉండిపోనాది. ఈ రేకు తలుపెంత?” వీధిలో వాళ్లు వచ్చి ముడి లాగి చూసి మెచ్చుకుని వెళ్లారు. గొళ్లెం మాటే అక్కడ ఎవరూ ఎత్తలేదు. సముద్రం మీద ఆ ముడి ప్రాణాలు నిలబెట్టిందంటే సింధూర కూడా కాదనదు. కానీ పడవ కట్టేది గట్టి దుంగకి. ఇక్కడ కట్టింది అగ్గిపెట్టె పొడవున్న ప్లాస్టిక్ పిడికి.

మర్నాడు పాపని చంకనేసుకుని, సంఘం మీటింగని చెప్పి బస్సెక్కి టెక్కలి వెళ్లింది. షోరూము చల్లగా ఉంది. సర్వీసు కౌంటర్‌లో ధీరజ్ అని పేరు బిళ్ల పెట్టుకున్న అబ్బాయి ఉత్తరం చూసి, ఆమె వెనకాల ఎవరైనా ఉన్నారేమోనని చూశాడు.

“సార్ రాలేదా అమ్మా?”

“కారు నా పేరున ఉందండీ.”

“పేరున ఉండటం వేరమ్మా. ఇది టెక్నికల్ విషయం. సార్‌ని పంపండి, చెప్తాం.” కంప్యూటర్‌లో ఏదో నొక్కి, “సార్‌కి నాలుగుసార్లు ఫోన్ చేశాం కూడా. ఇదిగో, ఇవాళ పొద్దున చేస్తే, రిపేరు చేయించుకున్నామని చెప్పారు. క్లోజ్ అయిపోయింది” అన్నాడు.

ఈలోపు అమ్ములు, తలుపు తెరిచి ఉన్న కొత్త కారులోకి ఎక్కి కూర్చుంది. ఒకాయన పరుగున వచ్చాడు. “పాపని దించండమ్మా, సీటుకి మరకలవుతాయి.” మరకల గురించి తనకి చెప్తున్నాడు! సింధూర పాపని దించి ఉత్తరం మడిచి, జాకెట్లో పర్సుతో పాటు దోపుకుంది. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక గానీ కళ్లు తడిశాయని తెలియలేదు.

ఇంటికొచ్చి అడిగింది. “బాగు సేయించీసినానని సెప్పినావంట?”

“ముడేసినాను కదే. అది బాగు కాదా?” అతని మొహంలో అబద్ధం లేదు. ఆమెకి అదే ఎక్కువ భయమేసింది.

తర్వాతి వారం మామకి ఒంట్లో బాగాలేకపోతే పలాసకి ఆమె కూడా వెళ్లాల్సి వచ్చింది. అత్త ఎవరిదో పెళ్లికి వెళ్లింది కాబట్టి సింధూర పాపనీ వెంట తీసుకెళ్లింది. తిరిగి వస్తున్నప్పుడు కుడివైపు రామూర్తి కళ్లు మూసుకుని ఒరిగి ఉన్నాడు. మధ్యలో సింధూర. కొబ్బరి తోటలు చూడాలని అమ్ములు ఎడమ కిటికీకి అతుక్కుంది. సీటు బెల్టులు కొత్త సీటు కవర్ల కింద ఎప్పుడో పూడిపోయాయి. సింధూర ఎడమ చెయ్యి పాప గౌను వెనక గుప్పిట్లో బిగించి ఉంది. ఆ అలవాటుకి వీధంతా నవ్వేది, దూడ పలుపు పట్టుకున్నట్టు పట్టుకుంటుందని.

తోటల మలుపు. టక్. ఆ తర్వాత రావాల్సిన రెండో టక్కు రాలేదు. ప్లాస్టిక్ పుటుక్కుమన్న చప్పుడు, ఒక్కసారిగా గాలి, ఎర్రమట్టి, కళ్ల ముందు పరుగెత్తుతున్న రోడ్డు. అమ్ములు నడుము దాకా బయట ఉంది. గౌను పర్రున చిరిగింది. చిరిగిన గుడ్డ చేతిలో మిగులుతుందనుకున్న క్షణంలో రెండో చేత్తో కాలు దొరికింది. లాగింది. ఎలా లాగిందో ఆమెకి ఇప్పటికీ తెలియదు. పాప చెప్పు ఒకటి వెనక రోడ్డు మీద దొర్లుతూ ఉండిపోయింది.

దిలీప్ బ్రేకు వేసి దిగి పరుగున వచ్చాడు. తల్లీబిడ్డల్ని చూశాడు, బార్లా తెరుచుకుని ఊగుతున్న తలుపుని చూశాడు. సీటు కడ్డీ నుంచి తాడు వేలాడుతోంది. తాడు కొసన, ఊడొచ్చిన పిడి చుట్టూ ముడి బిగుతుగా, అందంగా అలాగే ఉంది. అతను దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఇది.

“సూడు, ముడి ఊడనేదు.”

సింధూర పాపని ఒళ్లో పెట్టుకుని వేళ్లూ మోచేతులూ తడిమి చూసింది. అన్నీ ఉన్నాయి. అతను ఇంకా మాట్లాడుతున్నాడు. “ప్లాస్టిక్కు మీద ఏసినాను, నాదే తప్పు. ఈసారి సీటు ఇనుముకి...” ఆ మాట పూర్తయ్యేలోపు ఆమె ముందు సీట్ల మధ్యకి వంగి, బండికే ఉన్న తాళంచెవి తీసేసి, చీర చెంగున ముడి వేసుకుంది. జాలరింట్లో పుట్టిన పిల్లకి ఆ ముడి కొత్తేమీ కాదు.

“ఏటి సేత్తన్నావే?”

“ఈ బండి ఇక్కణ్నుంచి షోరూముకే ఎల్తాది బావా. ఇంటికి రాదు.”

“మతుండే మాటాడుతున్నావా? రేపు ముగ్గురు రోగులున్నారు.”

“మన ఈదిల వైకుంఠరావు ఆటో ఉంది. ఆ ముగ్గురికీ నానే ఫోన్ సేత్తాను. తలుపిలగ తెరుసుకుపోనాదని సెప్తాను. అప్పుడు కూడా నీ ముడి మీద నమ్మకముంటే ఎక్కమను.”

“మరి అయ్యకి ఎల్లుండి...”

“నానెల్లుండి దాకా సావన్లే” అన్నాడు రామూర్తి, కళ్లు తెరవకుండానే. “గుంటకి మంచినీళ్లు ఎట్టు.”

రోడ్డు పక్క జీడిచెట్టు కింద నిలబడి, ఆ రోజు నుంచీ పర్సులోనే ఉన్న ఉత్తరం తీసి, అందులోని నంబరుకి ఫోన్ చేసింది. ధీరజ్ గొంతే. అంతా విని, “ఒకసారి సార్‌కి ఇవ్వండమ్మా” అన్నాడు.

“బండి సారుది కాదండీ. ఓనర్ని మాట్లాడుతున్నాను. బండి నడుస్తుండగా తలుపు తెరుచుకుపోయింది, నా పాప సగం బయటికి పోయింది. మీ కంప్యూటర్‌లో క్లోజ్ అని ఉంది కదా, దాన్ని తెరవండి. నేను చెప్పేది నేను చెప్పినట్టు రాసుకోండి. బండి ఎత్తుకెళ్లడానికి మనిషిని పంపండి. పంపేదాకా ఇక్కడే ఉంటాను.” ఆమె గొంతు వణుకుతూనే ఉంది. వణికితే వణకనీ అనుకుంది. అవతల కీబోర్డు చప్పుడు వినిపించింది. తర్వాత ధీరజ్ అన్నాడు, “ఎక్కడున్నారో చెప్పండి మేడమ్.”

షోరూము మనిషి వచ్చి బండిని ఎత్తుకెళ్లాక, వాళ్లు ఆటోలో ఇంటికి చేరేసరికి కబురు ముందే చేరిపోయింది. చిన్నతల్లి పెళ్లి చీర కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడింది. “మొగుడి సేతిలో తాళాలు లాక్కున్న కోడలు ఈ ఊర్ల నేదు.”

“ఇప్పుడుందత్తా” అంది సింధూర. చిరిగిన గౌను అత్త చేతిలో పెట్టి లోపలికి వెళ్లింది. అత్త ఆ గౌనుని వెలుతురుకి పట్టి చిరుగు ఎక్కడిదాకా వచ్చిందో చాలాసేపు చూసింది.

మర్నాడు షోరూములో కాగితం బయటికి రాగానే దిలీప్ చెయ్యి అలవాటుగా పెన్ను వైపు వెళ్లింది. ధీరజ్ కాగితాన్ని సింధూర వైపు తిప్పాడు. ఆమె చదివాకే సంతకం పెట్టింది. చదవడానికి చాలాసేపు పట్టింది. ఇద్దరు మగవాళ్లూ అంతసేపూ నిలబడే ఉన్నారు. తర్వాత ఫోన్ నంబరు మార్పించింది. కొత్త గొళ్లెం బిగించడానికి గంటన్నర కూడా పట్టలేదు. ఆ గంటన్నర లేక ఇన్నాళ్లూ ఆ పని జరగలేదు. సీటు కవర్ల కింద నుంచి బెల్టులు తనే బయటికి లాగింది. తలుపు మూసింది. దబ్బుమని ఒక్క మాట. దిలీప్ తలుపుని రెండుసార్లు తెరిచి మూసి, ఆమె మొహం చూడకుండా, “గట్టిగానే ఉంది” అన్నాడు. ఇంటికెళ్లాక బకెట్టు అతని కాళ్ల దగ్గర పెడితే ఏమంటాడో ఆమెకి తెలియదు. పెడుతుంది మాత్రం.

బయల్దేరే ముందు కౌంటర్ మీద ఇంకో కాగితం కనిపించింది. ఇంకా రాని బళ్ల జాబితా. తన పేరు కొట్టేసి ఉంది. దాని కింద పేరు ధనలక్ష్మి, ఊరు జలంత్రకోట. పక్కన చిన్న అక్షరాలతో రాసి ఉంది: మూడుసార్లు ఫోన్ చేశాం, భర్త ఎత్తారు, అవసరం లేదన్నారు.

జలంత్రకోటలో సింధూర ఎవరినీ ఎరగదు. ధనలక్ష్మి ఫోన్ నంబరు ఇమ్మంటే షోరూము వాళ్లు ఇవ్వకూడదన్నారు. ఉత్తరం వెళ్లిందో లేదో, వెళ్తే ఎవరు చింపారో తెలియదు. వచ్చే సోమవారం తనే బస్సెక్కి వెళ్లాలనుకుంటోంది. కానీ సోమవారం లోపల మలుపులు చాలా ఉంటాయి. మీలో ఎవరైనా ఈ రెండు మూడు రోజుల్లో జలంత్రకోట వైపు వెళ్తే, ధనలక్ష్మి ఇల్లు ఎక్కడని అడగండి. ఆమె భర్తని కాదు, ఆమెనే పిలవండి. పిల్లలు కారులో ఏ పక్క కూర్చుంటారో కనుక్కోండి. వెనక ఎడమ తలుపు ఒక్కసారి మూసి, ఎన్ని మాటలు చెప్తుందో విని రండి.