ఊదితే కనబడే నంబర్లు

ఇంట్లో అందరూ ఆమెను తడిగుడ్డ అనే పిలిచేవారు. కంటికి కనబడినదాన్నల్లా తుడవందే ఆమెకు ముద్ద దిగదు మరి. అన్న పోయాక వదినకు తోడుగా ఉందామని వచ్చింది. వచ్చీ రాగానే ఇంటి ముందుగదిలోని వదిన టీవీ రిపేరు కొట్టులో బూజు దులిపేసింది. పనిబల్ల జోలికి మాత్రం రావద్దని వదిన ఆ రోజే చెప్పింది. చెబితే వినే రకమైతే ఇంత కథ ఎందుకు జరుగుతుంది?

వదిన పని చూసి తీరాలి. టీవీలో కరెంటు ఉన్నప్పుడు ఎడమచెయ్యి నడుము వెనక పెట్టుకుని, కుడిచేత్తో మాత్రమే లోపల తాకుతుంది. రెండు చేతులూ పెడితే షాకు గుండె మీదుగా పోతుందట. ఆ ఒంటిచేత్తోనే జబ్బెక్కడుందో పట్టేస్తుంది. తడిగుడ్డ గుమ్మంలో నిలబడి కళ్ళప్పగించి చూసేది. మా వదిన లాంటి మనిషి ఇంకొకరు పుట్టలేదని లోలోపల పొంగిపోయేది, పైకి మాత్రం ఒక్క ముక్క అనేది కాదు.

అలాంటి వదినకు చూపు తగ్గిపోతోంది. చెక్కపెట్టెలో ఉన్న వాల్వుల టీవీ ఒకటి వచ్చినప్పుడు, "ఇదే ఆఖరిదే అమ్మాయ్. దీన్ని బతికించి కొట్టు మూసేస్తా" అంది. పాడైన కండెన్సర్లు మార్చింది, బల్బుల్లాంటి గాజు వాల్వులన్నీ పీకి పళ్ళెంలో పెట్టింది. టంకం తీగ అయిపోతే కొనుక్కు రావడానికి బజారుకెళ్ళింది.

వచ్చేసరికి వాల్వులు తళతళా మెరుస్తూ ఒక తుండుగుడ్డ మీద ఆరుతున్నాయి.

"ఎంత మట్టి పట్టి ఉన్నాయో వదినా! సబ్బు పెట్టి తోమాను" అంది తడిగుడ్డ, మెచ్చుకుంటుందేమోనని చూస్తూ.

వదిన ఒక వాల్వు తీసి వెలుతురులో తిప్పి చూసింది. కుర్చీలో కూలబడింది.

"వీటి మీద నంబర్లుండాలే?"

"ఏవో మాసిన తెల్లగీతలుంటే అవి కూడా..."

"తడిగుడ్డతో గొంతు కోయడమంటే వినడమే కానీ, చూడ్డం ఇదే మొదలే తల్లీ!"

అన్నీ ఒకే పోలికలో ఉన్నాయి. ఏ నంబరు ఎక్కడుండాలో పెట్టె లోపల అతికించిన కాగితంలో ఉంది. కానీ ఏది ఏ నంబరో ఇప్పుడు ఎవరికి తెలుసు? ఒకదాని చోట ఇంకొకటి గుచ్చితే వాల్వులు మాడిపోతాయి. ఇలాంటివి ఇంకెక్కడా దొరకవు. వదిన ఆఖరి పనిని తన చేతులారా నాశనం చేశానని తడిగుడ్డకు అర్థమైంది. మూలకు పోయి ఏడవడం మొదలుపెట్టింది.

"ఏడుపు తర్వాత. ఇలా రా" అంది వదిన.

వాల్వును నోటి దగ్గర పెట్టుకుని, హా... అని మెల్లగా ఊదింది. గాజు మసకబారింది. ఆ మసకలో, రంగు పోయిన చోట, అక్షరాల ఆనవాళ్ళు తేలాయి.

"నాకు కనబడి చావవు. చదువు."

తడిగుడ్డ కళ్ళు తుడుచుకుని వంగింది. ఆవిరి చెదిరిపోయేలోగా గబగబా చదివింది. వదిన ఊదడం, తను చదవడం, కాగితంలో వెతికి ఆ చోట గుచ్చడం. ఒక మొండిఘటం ఎంత ఊదినా పలకలేదు. వదిన దాన్ని ఫ్రిజ్‌లో పాలగిన్నె పక్కన పెట్టించింది. చల్లబడ్డాక తీసి ఊదితే అదీ దారికొచ్చింది. ఓర్నాయనో, ఏం మనిషి ఈవిడ, అనుకుంది తడిగుడ్డ.

వదిన స్విచ్ వేసింది. వాల్వుల్లో నిప్పుకణికల్లాంటి ఎరుపు ఒక్కొక్కటిగా రాజుకుంది. తెర వెలిగింది. తెర మీద సున్నా గీసి బొమ్మను సరిచూసే చిన్న డబ్బా తగిలించి, ఎడమచెయ్యి నడుము వెనక పెట్టుకుని, టీవీ వెనక్కి చేరింది.

"తెర మీద సున్నా వచ్చిందా?"

"వచ్చింది. కోడిగుడ్డులా ఉంది."

వదిన లోపల ఏదో తిప్పింది. "ఇప్పుడు?"

"నయం. ఇంకా పొట్ట ఉంది... ఇంకొంచెం... ఆఁ, చాలు! గుండ్రంగా ఉంది వదినా. చందమామలా ఉంది!"

వదిన ముందుకు రాలేదు. తెరకేసి చూడనైనా లేదు. టీవీ వెనక నిలబడే ఫోను తీసి, టీవీ సొంతదారుకు చేసింది.

"మీ పెట్టె లేచి కూర్చుందండీ. తీసుకెళ్ళండి. మీకు తెలిసినవాళ్ళ దగ్గర ఇలాంటివి ఇంకా ఏమైనా ఉంటే పంపండి. ఎందుకు మూస్తామండీ? మేమిద్దరం ఉన్నాం కదా!"