అరటాకు పొట్లం

తనిఖీకి కంపాలా నుంచి ఆరోగ్యశాఖ పెద్దమ్మగారు వస్తున్నారంటే చాలు, మా ఆసుపత్రికి ఎక్కడలేని శుభ్రం వచ్చేస్తుంది. మామూలు రోజుల్లో సూదులూ మామిడి తొక్కలూ ఒకే డబ్బాలో కాపురం చేస్తాయి. ఆ రోజు మాత్రం మేట్రన్ నాంటెజా చెత్తను వేరుచేసే పసుపు, ఎరుపు, నలుపు డబ్బాలను వరసగా నిలబెట్టి, వాటిలో ఎవరూ ఏమీ వేయకూడదంది. మాసిపోతాయట! చెత్త ఎత్తేదాన్ని నేను, నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ తెల్లవారుజామునే ఒక కాన్పు అయింది. వరసగా ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లికి ఆడపిల్ల పుట్టింది. పిల్ల నాయనమ్మ నబుకీరా వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మాయ్, బిడ్డతోపాటు పడిన మావి నాకిచ్చెయ్యవే. మా తోటలో అరటిచెట్టు కింద పెట్టందే పేరు పెట్టం. ముందువాళ్లవి మీ ఆసుపత్రి చెత్తగుంతలో పారేశారు. ఒక్కరూ దక్కలేదు."

"ఇవాళ ఏదీ బయటికి పోకూడదు. గుంతలో వేసెయ్" అంది మేట్రన్.

నాకు మనసొప్పలేదు. మావిని అరటాకుల్లో మడతలు మడతలుగా చుట్టి, నారతో కట్టి, వరండా బల్ల కింద దాచాను. అక్కడే నా ఖర్మ కాలింది. వంటామె బబిర్యే, పెద్దమ్మగారి కోసం అరటాకులో ఉడికించిన కోడికూర తెచ్చి అదే బల్ల కింద పెట్టింది. ఆకు అదే, నార అదే. తర్వాత వడ్డించడానికి ఆవిడ తీసుకెళ్లింది నా పొట్లం! నాకప్పుడు తెలిస్తేగా.

ఇంతలో మేట్రన్ బల్ల కిందికి తొంగి చూసింది. "ఇదింకా ఇక్కడే ఉందా? నా కళ్లముందు పారెయ్!"

ఎర్ర సంచిలో వేసి కడుతుంటే చేతికి వెచ్చగా తగిలింది. పసిబిడ్డది కదా, వెచ్చగానే ఉంటుందేమో అనుకుని ఏడ్చాను. సంగతి చెబితే అవ్వ నేలమీద కూలబడింది.

"ఇప్పుడీ పిల్లని ఏమని పిలవనే?"

అప్పుడే భోజనాల గదిలోంచి కెవ్వున కేక వినిపించింది. పరుగెత్తాం. పెద్దమ్మగారి ముందు ఆకు విప్పి ఉంది. మేట్రన్ మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"అవ్వా, దొరికింది! పళ్లెంలోనే ఉంది!" అని సంతోషం పట్టలేక గంతులేశాను.

పెద్దమ్మగారు అవ్వను చూశారు, ఏడుపు చూశారు. ఆకు మళ్లీ మడిచి, తానే నార కట్టారు. మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులా అందించారు. "తీసుకెళ్లవ్వా. మా అమ్మ నాదీ అరటిచెట్టు కిందే పెట్టింది."

చేతులు కడుక్కొచ్చి మేట్రన్ వైపు తిరిగారు. "మరి నా కూరేదమ్మా?"

మేట్రన్ నన్ను చూసింది.

"గుంతలో వేశానండీ. ఎర్ర సంచి, రెండు ముడులు."

"భేష్! ఈ ఆసుపత్రిలో పద్ధతి ప్రకారం పారేసింది నా భోజనం ఒక్కటే అన్నమాట!"

అవ్వ ఇవేవీ వినడం లేదు. పొట్లాన్ని చంకలో పెట్టుకుని, పాతేదాకా ఆగకుండా, గేటు దాటకముందే కోడలి చేతిలోని పిల్లను పేరు పెట్టి పిలిచేసింది. "నాముకాసా, పద తల్లీ, ఇంటికి పోదాం."