ఆదివారం తలంబ్రాలు

“మ్యాచింగ్ కుదిరితే చాలండీ. ఆదివారం తలంబ్రాల కంప పని మొదలెట్టేస్తాం,” అన్నాడు బుచ్చిబాబు ఫోనులో, చినిగిన చేతితొడుగు వేలికి కుట్టు వేస్తూ. ‘కంప’ అన్న మాటను కింది వాటా కుక్కరు కూత మింగేసింది. మిగతా ముక్కలు మాత్రం మెట్ల మీద బట్టలారేస్తున్న ఇంటి యజమానురాలు సుబ్బులు చెవిలో భద్రంగా పడ్డాయి. అరవైకి దగ్గరపడిన బ్రహ్మచారికి సంబంధం కుదిరిందన్న వార్త, ఆయన చొక్కా గుండీలు పెట్టుకునేలోగా సందు మలుపు దాటేసింది.

బుచ్చిబాబుకు సంబంధాలు లేవు, సంఘం ఉంది. అడవి ప్రేమికుల సంఘం. ఒకప్పుడు గది నిండా సభ్యులు. ఇప్పుడు అధ్యక్షుడూ ఆయనే, కుర్చీలు దులిపేదీ ఆయనే. సన్నటి మనిషి. అర్జీలు రాసీ రాసీ తనే అర్జీలా నడుం దగ్గర మడతపడ్డాడు. ముంజేతుల నిండా ముళ్ల గీతలు. ఊరి బయటి సర్కారు అడవిని ఎరుపూ పసుపూ పూల కంప ఒకటి కమ్మేసింది. దాని కింద గడ్డి కూడా మొలవదు. చూడముచ్చటైన ఆ దరిద్రం పేరే తలంబ్రాల చెట్టు.

దాన్ని తీయించి మొక్కలు నాటడానికి ఎన్నాళ్లకో ఒక సంస్థ సాయానికి ఒప్పుకుంది. షరతు ఒకటే: మీరెంత పెడితే మేమంత. దాన్నే వాళ్లు మ్యాచింగ్ గ్రాంటు అంటారు. పెట్టడానికి సంఘం దగ్గర చెమట తప్ప ఏమీ లేదు. సరే, చెమటే చూపించండి, ఆదివారం ఇరవై మంది పని చేస్తుంటే కళ్లారా చూస్తానంది ఆ సంస్థ అమ్మాయి సింధూర. చూపించకపోతే సాయం ఇంకో ఊరికి పోతుంది, అడవి కంపకే మిగులుతుంది.

ఇవాళ శనివారం. పేరుకు తగ్గట్టే చిక్కడపల్లిలో ఒక్కరూ చిక్కలేదు. నారాయణగూడలో పాత సభ్యుల తలుపులు తట్టి, నారాయణా అనుకుంటూ మెట్లు దిగాడు. ఒకరికి మోకాళ్లు, ఒకరికి మనవడి పుట్టినరోజు. మూడో ఆయన గుర్తుపట్టనే లేదు.

వింతేమిటంటే, మాటలే ఆడని సందు ఇవాళ ఆయన్ని చూసి నవ్వుతోంది. పూలమ్మే మాసమ్మ మూర మల్లెలు తెంపి చేతిలో పెట్టి, “ఆదివారం మేం గూడ వస్తం సారూ,” అంది. ఆయన మల్లెలు జేబులో భద్రంగా పెట్టుకుని, “తప్పకుండా రా తల్లీ. చెప్పులు మాత్రం గట్టివి వేసుకో,” అన్నాడు. పెళ్లికి గట్టి చెప్పులెందుకో మాసమ్మకు అర్థం కాలేదు.

సాయంత్రం అశోక్‌నగర్ వెళ్లాడు. శోకం లేదని పేరులో రాసుకున్న ఆ పేటలో, సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదివే హాస్టల్ పిల్లల మొహాల్లో ఉన్నదంతా అదే. టీ కొట్టు దగ్గర కరుణాకర్ అనే కుర్రాడూ అతని స్నేహితులూ చెప్పుల్లేకుండా నిలబడి అరికాళ్ల బొబ్బలు చూసుకుంటున్నారు. అటవీ శాఖలో బీట్ ఆఫీసరు ఉద్యోగానికి రాతపరీక్షతో సరిపోదట, గంటల తరబడి నడక పరీక్ష కూడా ఉంటుందట. ఇందిరా పార్కు చుట్టూ గానుగెద్దుల్లా తిరిగి వచ్చారు. బుచ్చిబాబు తన గోడు చెప్పుకున్నాడు.

“అడవిల నడవనిస్తరా సార్?”

“నడిచినంత నడవండి. తర్వాత కంప పీకాలి.”

“పట్నంల ఏం పీకుతున్నవ్ రా అని మా బాపు రోజు అడుగుతడు,” అన్నాడు కరుణాకర్. “ఇగ చెప్త సార్, తలంబ్రాలు పీకుతున్న అని. మా హాస్టల్ హాస్టలే వస్తది.”

ఇంటికొస్తే గుమ్మంలో సుబ్బులు. “ఆదివారం మేమంతా వస్తున్నాం బుచ్చిబాబు గారూ. ఇన్నాళ్లూ ఒక్కరే ఉన్నారు, ఇక ఆ చింత లేదు.” సంగతి ఈవిడకెలా తెలిసిందా అని కూడా ఆయనకు తోచలేదు. తల ఊపి, కళ్లలో నీళ్లు ఆవిడకు కనబడకుండా గబగబా మెట్లెక్కాడు. కుట్టిన తొడుగులన్నీ జతలు కట్టి అట్టపెట్టెలో సర్దాడు. తనవి మిగిలాయి. కుర్చీలో కూర్చుని వాటికీ రెండు కుట్లు వేస్తుంటే, సూదిలో దారం ఉండగానే తల పక్కకు వాలింది.

తెల్లారి బూట్లేసుకుని హాస్టల్ పిల్లలూ, పట్టుచీరలో సుబ్బులూ, పూలబుట్టతో మాసమ్మా మెట్లెక్కారు. తలుపు చేరవేసే ఉంది. బల్ల మీద మల్లెలు వాడాయి. ఆయన్ని కాటికి సాగనంపడానికి అంతమందీ ఉన్నారు. సింధూర కబురు విని వచ్చి ఒక వారం గడువిచ్చింది.

మరుసటి ఆదివారం ఆయన తలపెట్టిన పనికి పిల్లలతో పాటు సుబ్బులూ మాసమ్మా కూడా అడవికి వెళ్లారు. వారం నుంచీ సుబ్బులు మనసులో ఉన్న ప్రశ్న అక్కడ బయటపడింది. “ఆ పెళ్లికూతురికి ఎవరైనా చెప్పారా బాబూ? తలంబ్రాలన్నారు, మ్యాచింగ్ కుదరాలన్నారు, నేను విన్నాను.”

కరుణాకర్ కంప కొమ్మ వంచి పూలగుత్తి చూపించాడు. “తలంబ్రాలంటే గివే అక్కా. మ్యాచింగ్ అంటే మనం. మనమెంత మందిమి వస్తే ఈ సంస్థోళ్లు గంత సాయం చేస్తరు. పెళ్లి లేదు, పెళ్లికూతురు లేదు.”

ఎవరూ నవ్వలేదు. మాసమ్మ నవ్వబోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సుబ్బులు చీర దోపుకుని, చేయి చాచి తొడుగులు అడిగింది. కాసేపటికి మనుషుల్ని లెక్కపెట్టిన సింధూర, సరిపోయి మిగిలారంది.

అట్టపెట్టె అడుగున మాత్రం ఆయన చేతిలోంచి తీసి పెట్టిన జత ఉండిపోయింది, వేళ్లు ఇంకా ఆయన పిడికిలిలాగే వంగి, కుట్టు చివర సూది వేలాడుతూ.